ఎక్కిన రైల్లోనే

న్యూయార్కు సబ్‌వేలో ఎం అనే రైలు ఒకటుంది. క్వీన్స్‌లోని మిడిల్ విలేజ్‌లో బయల్దేరుతుంది. బుష్విక్ పేటల్లో ఇళ్ల కిటికీల ఎత్తున వేసిన పట్టాల మీద సాగి, విలియమ్స్‌బర్గ్ వంతెన దాటి, మన్‌హట్టన్ చేరగానే భూమిలోకి దిగుతుంది. 2010 జూన్ దాకా అది అక్కణ్నుంచి దక్షిణానికి తిరిగి వాల్‌స్ట్రీట్ పక్కకు పోయేది. ఆ నెలాఖరులో దాన్ని ఉత్తరానికి, సిక్స్త్ అవెన్యూ కిందుగా మిడ్‌టౌన్ వైపు మళ్లించారు. అందుకోసం కొత్త సొరంగం తవ్వలేదు. ఒక్క కొత్త స్టేషన్ కూడా కట్టలేదు. ఎసెక్స్ స్ట్రీట్ దాటాక రైలు ఒక పాత మలుపు తిరిగింది. ఆ ఒక్క మలుపుతో వేలమంది పొద్దున్నే ఒక రైలు దిగి ఇంకో రైలు కోసం నిలబడే పని తప్పింది.

ఆ మలుపు క్రిస్టీ స్ట్రీట్ కింద ఉంది. ఒకప్పుడు ప్రైవేటు కంపెనీ నడిపిన లైన్లకూ నగరం సొంతంగా కట్టుకున్న లైన్లకూ మధ్య దారి లేకపోవడంతో, రెండింటినీ కలపడానికి కట్టిన చిన్న సొరంగం అది. 1967 నవంబరులో తెరిచారు. దాని ఒక పాయ మన్‌హట్టన్ వంతెన మీదికి పోతుంది. ఆ పాయ మొదటిరోజు నుంచీ ఊపిరి సలపనంత పనిలో ఉంది. విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి పోయే రెండో పాయకు మాత్రం అంత అదృష్టం లేకపోయింది. 1968లో దాని మీదుగా మొదలైన సర్వీసు, తర్వాత కె రైలుగా పేరు మార్చుకుని, 1976లో ఆగిపోయింది. న్యూయార్కు నగరం దివాలా అంచుదాకా వెళ్లి వచ్చిన రోజులవి. ఆ తర్వాత 34 ఏళ్లపాటు ఆ పట్టాల మీద రోజువారీ ప్రయాణికుల రైలు తిరగలేదు.

2010లో మళ్లీ డబ్బుకు కటకట వచ్చింది. రవాణా సంస్థ ఎంటీఏ బడ్జెట్‌లో పెద్ద లోటు ఏర్పడింది. ఖర్చు తగ్గించుకోవడానికి వి, డబ్ల్యు అనే రెండు రైళ్లను ఎత్తేశారు. వి నడిచిన సిక్స్త్ అవెన్యూ దారిని ఎం రైలుకు అప్పగించారు. రెండు రైళ్లు చేసే పని ఒక రైలు చేస్తే కొంత మిగులుతుందన్నది లెక్క. ఒక కరువులో మూతపడిన దారి ఇంకో కరువులో తెరుచుకుంది.

కోతగా మొదలైన పని జనానికి మేలు చేయడం అరుదు. ఇక్కడ ఎందుకు చేసిందో తెలుసుకోవాలంటే ఆ నగరంలో కొలువులు ఎటు కదిలాయో చూడాలి. ఎం రైలు పాత దారిలో భాగమైన నసావు స్ట్రీట్ లైను 1931లో పూర్తయింది. అప్పటికి బ్యాంకులు, బీమా కంపెనీలు, నౌకా వ్యాపారులు మన్‌హట్టన్ దక్షిణ కొసన కిక్కిరిసి ఉండేవారు. ఎం దారిలోని రిడ్జ్‌వుడ్ పేట గుమాస్తా ఇంటిదగ్గర రైలెక్కితే ఆఫీసు గుమ్మం దగ్గరే దిగేవాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆఫీసులు ఉత్తరానికి, మిడ్‌టౌన్‌కు జరిగాయి. పట్టాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఆ గుమాస్తా మనవరాలు మిడ్‌టౌన్‌లో ఉద్యోగానికి వెళ్లాలంటే ఎసెక్స్ స్ట్రీట్‌లో దిగి, మెట్లు దిగి కింది ప్లాట్‌ఫారానికి వెళ్లి, బ్రూక్లిన్ నుంచి అప్పటికే నిండి వచ్చే ఎఫ్ రైల్లోకి ఎలాగో జొరబడాల్సి వచ్చేది. లేదా మర్టిల్-వైకాఫ్‌లో ఎల్ రైలుకు మారాలి. అది అంతకన్నా ఇరుకు. ఎం రైలు మలుపు తిరిగాక ఆమె కూర్చున్న సీట్లోనే కూర్చుని మిడ్‌టౌన్ చేరింది. తన రైలు దిగి ఎఫ్ రైల్లో జొరబడే మనిషి ఒకరు తగ్గారు గనక, ఎఫ్ రైల్లో నిలబడినవాళ్లకూ కాస్త చోటు దొరికింది. దారి మార్చడంలోని అసలు గుణం ఇదే. మారే అవసరం తప్పిన మనిషికి ఎంత మేలో, ఆ మనిషి ఎక్కకుండా పోయిన రైల్లోని వాళ్లకూ అంత మేలు. ఇరుకు చాలాచోట్ల రైళ్ల కొరత వల్ల రాదు. ఒకే చోట అందరూ దిగి, ఒకే రైలు కోసం ఎగబడాల్సి రావడం వల్ల వస్తుంది.

కొత్త దారిలో ఎం రైలు వింత ఆకారం తెచ్చుకుంది. క్వీన్స్‌లో బయల్దేరి, బ్రూక్లిన్, మన్‌హట్టన్ చుట్టి, మళ్లీ క్వీన్స్‌లోనే ఫారెస్ట్ హిల్స్‌లో ఆగుతుంది. దాని రెండు కొసల మధ్య నేల మీద దూరం కొన్ని కిలోమీటర్లే. పటం మీద చూస్తే ఎవరైనా ఇదేం దారి అంటారు. పటం చూసేవాడికి లైను మొదలూ చివరా కనిపిస్తాయి గానీ, జనంలో ఎక్కువమంది మొదటి నుంచి చివరిదాకా వెళ్లేవాళ్లు కారు. అందరికీ కావలసింది నడుమ ఉన్న ఊరే.

పేరు విషయంలో ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. ఈ కలిపిన రైలుకు వి అనే పేరు ఉంచి ఎం తీసేయాలని సంస్థ మొదట అనుకుంది. తరాలుగా ఎం రైలెక్కిన పేటలవాళ్లు తమ రైలు పేరు పోవడానికి ఒప్పుకోలేదు. చివరికి ఎం అక్షరమే నిలిచింది. సిక్స్త్ అవెన్యూ రైళ్ల రంగు నారింజ గనక, గోధుమరంగు ఎం నారింజరంగు ఎం అయింది. దారి ఎలాగూ మారుస్తున్నారు, పేరైనా ఉండనివ్వండి అని అడిగేవాళ్లను చాదస్తులు అనుకోకూడదు. రోజూ ఎక్కే రైలు మీద మనిషికి ఒక హక్కు ఏర్పడుతుంది. ఆ హక్కును గుర్తించిన అధికారికి జనం సగం ఇబ్బంది మన్నిస్తారు.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. వాల్‌స్ట్రీట్ చుట్టుపక్కల పనిచేస్తూ రిడ్జ్‌వుడ్‌లో ఇల్లు తీసుకున్నవాళ్లు అప్పటిదాకా ఒక్క రైల్లో వెళ్లేవాళ్లు. ఆ జూన్ తర్వాత దారిలో దిగి జె రైలు కోసం చూడాల్సి వచ్చింది. బ్రూక్లిన్ దక్షిణాన బే పార్క్‌వే దాకా రద్దీ వేళల్లో వెళ్లే ఎం రైలు ఆగిపోయింది. సిక్స్త్ అవెన్యూ స్టేషన్లు 10 బోగీల రైలు పట్టేంత పొడవైనవి. ఎం రైలు 8 బోగీలతోనే నడుస్తుంది, ఎందుకంటే వంతెనకు ఆవల దాని పాత స్టేషన్ల ప్లాట్‌ఫారాలు పొట్టివి. అంటే క్వీన్స్ బుల్వార్డ్ లైను మీద వి రైలెక్కినవాళ్లకు రైలు రెండు బోగీలు చిన్నదైంది. పొట్టి ప్లాట్‌ఫారాన్ని పొడిగించడం ఒక పూటలో అయ్యే పని కాదు గనక ఆ ఇబ్బంది అలాగే మిగిలింది.

అంటే దారి మార్చినప్పుడు రైలు మారే శ్రమ పూర్తిగా మాయమవడం అరుదు. కావడి భుజం మార్చుకున్నట్టు, ఒకరి మీంచి దిగి ఇంకొకరి మీదికి ఎక్కుతుంది. ఎం విషయంలో దిగినవాళ్లు ఎక్కువ, ఎక్కినవాళ్లు తక్కువ. అందుకే అది మంచి నిర్ణయమని చెప్పగలుగుతున్నాం. అన్నిసార్లూ లెక్క అంత తేటగా తేలదు.

అదే న్యూయార్కులో 2001 డిసెంబరులో జరిగింది చూడండి. 63వ వీధి సొరంగాన్ని క్వీన్స్ బుల్వార్డ్ లైనుతో కలిపే పని పూర్తయింది. ఎఫ్ రైలును 53వ వీధి నుంచి కొత్త దారికి మార్చారు. దాని స్థానంలో వి అనే కొత్త రైలు పెట్టారు. ఈ కొత్త రైలుకు పట్టాల మీద చోటు కావాలి. అప్పటిదాకా ఫారెస్ట్ హిల్స్ దాకా వెళ్లే జి రైలును పనిదినాల్లో కోర్ట్ స్క్వేర్ దగ్గరే ఆపేశారు. న్యూయార్కు ప్రధాన రైళ్లలో మన్‌హట్టన్ మొహం చూడనిది జి ఒక్కటే. బ్రూక్లిన్ నుంచి క్వీన్స్‌కు నేరుగా పోయేవాళ్లకు అదే దిక్కు. వాళ్లు ఇక కోర్ట్ స్క్వేర్‌లో దిగి, పొడవాటి నడవలో నడిచి, వేరే రైలెక్కాలి. పైగా వి రైలుకు బోగీలు చాలక జి రైలు పొడవును 6 బోగీల నుంచి 4కు తగ్గించారు. పొడవైన ప్లాట్‌ఫారంలో పొట్టి రైలు ఎక్కడ ఆగుతుందో తెలియక జనం పరుగెత్తేవాళ్లు. జనం గట్టిగా అడిగారు, ధర్నాలు చేశారు. పరిహారంగా ఆ నడవలో కదిలే నడకబాట వేశారు. వి రైలేమో మొదట్లో చాలాకాలం సగం ఖాళీగా నడిచింది. పక్కనే ఎక్స్‌ప్రెస్ వెళ్తుంటే ఆగి ఆగి వెళ్లే రైలెక్కడానికి జనం ఇష్టపడలేదు. ఇరుకు తగ్గించడానికి వేసిన రైలు ఖాళీగా, పాత ఎక్స్‌ప్రెస్ అయిన ఇ రైలు కిటకిటలాడుతూ పక్కపక్కనే పరుగెత్తాయి.

ఒక కదిలే నడకబాట వేయడం చిన్న సాయమే. కానీ అందులో ఒక ఒప్పుకోలు ఉంది. మీ దారిని మేం కష్టం చేశాం, ఆ కష్టంలో కొంతైనా మేం మోస్తాం అని చెప్పినట్టు. అంతమాత్రం ఒప్పుకోలు కూడా లేకుండా బోర్డు మార్చేసి వెళ్లిపోయే నగరాలే ఎక్కువ.

రవాణా లెక్కలు వేసేవాళ్లకు తెలిసిన విషయం ఒకటుంది. కదిలే రైల్లో గడిపిన నిమిషం కన్నా ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసే నిమిషం మనిషికి బరువుగా తోస్తుంది. అందుకే ప్రయాణ సమయం అంచనా కట్టేటప్పుడు ఎదురుచూపు నిమిషాలకు ఎక్కువ విలువ కడతారు, రైలు మారే ప్రతిసారికీ విడిగా కొంత కలుపుతారు. ఆ లెక్కలో సగటు మనిషి ఒకడుంటాడు. అతడికి మోకాళ్ల నొప్పి లేదు. చంకలో పసిపాప లేదు. చేతిలో బియ్యం సంచీ లేదు. అతడికి కళ్లు బాగా కనిపిస్తాయి, బోర్డు మీద రాసింది చదవగలడు. నిజంగా రైలెక్కేవాళ్లలో అటువంటి మనిషి ఎంతమందిలో ఒకడు? పొద్దున 9కి మెట్లు రెండేసి ఎక్కే కుర్రాడికి రైలు మారడం నాలుగు నిమిషాల పని. డయాలిసిస్‌కు వెళ్లి తిరిగొచ్చే పెద్దాయనకు అదే మెట్లు ఆనాటి ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద గండం. ఎస్కలేటర్ పనిచేయని రోజు ఆయన బయల్దేరడమే మానేస్తాడు. ఆయన బయల్దేరని సంగతి ఏ లెక్కలోకీ రాదు.

అలాగని ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ నేరుగా రైలు వేయమనడం కుదిరే పని కాదు. ఒకే పట్టాల మీద నాలుగు దారుల రైళ్లు కలిస్తే ఒకదాని ఆలస్యం నాలుగింటికీ అంటుకుంటుంది. లండన్‌లో స్టాన్‌మోర్ శాఖ కథ ఇందుకు మంచి సాక్ష్యం. 1932లో మెట్రోపాలిటన్ లైను కొమ్మగా మొదలైంది. లండన్ నడిబొడ్డుకు వచ్చే దారిలో ఇరుకు తట్టుకోలేక 1939లో దాన్ని బేకర్లూ లైనుకు ఇచ్చారు. కొన్నాళ్లకు బేకర్లూ రెండు కొమ్మలూ బేకర్ స్ట్రీట్ దగ్గర కలిసేచోట రైళ్లు ఒకదాని కోసం ఒకటి ఆగడం మొదలైంది. 1979లో ఆ శాఖను విడదీసి, కొత్త సొరంగంతో కలిపి జూబిలీ లైను చేశారు. ఆ శాఖ మీది స్టేషన్లు కదల్లేదు, అక్కడి జనం కదల్లేదు. వాళ్లను మోసుకెళ్లే లైను మాత్రం యాభై ఏళ్లలోపే మూడు పేర్లు మార్చుకుంది. న్యూయార్కు ఎం విషయంలో కలపడం మేలు చేస్తే, లండన్‌లో విడదీయడం మేలు చేసింది. ఏది మంచిదన్నది పట్టాలు ఎక్కడ కలుస్తున్నాయో, జనం ఎటు పోతున్నారో చూస్తే గానీ తేలదు. ఒక్క సూత్రం పట్టుకుని ప్రపంచమంతా దిద్దేస్తామనే నిపుణుల మాట వినేటప్పుడు కాస్త ఆగి ఆలోచించాలి.

న్యూయార్కు ఇప్పటికీ ఆ దిద్దుబాటు చేస్తూనే ఉంది. 2025 డిసెంబరు నుంచి పనిదినాల పగటిపూట ఎఫ్, ఎం రైళ్లు దారులు మార్చుకున్నాయి. ఎఫ్ మళ్లీ 53వ వీధి సొరంగంలోకి వచ్చింది, ఎం 63వ వీధికి వెళ్లింది. అంతకుముందు క్వీన్స్‌లో ఎక్స్‌ప్రెస్ పట్టాల నుంచి ఒకటి, లోకల్ పట్టాల నుంచి ఒకటి అడ్డం తిరిగి కలుసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఇ, ఎఫ్ అనే ఎక్స్‌ప్రెస్ రైళ్లు రెండూ ఒక సొరంగంలోకే పోతాయి, ఒకదానికొకటి అడ్డుపడటం తగ్గుతుంది. 2001లో చేసిన మార్పులో ఒక ముక్కను 24 ఏళ్ల తర్వాత వెనక్కి తిప్పారన్నమాట. ఈసారి కావడి ఎక్కింది రూజ్‌వెల్ట్ ద్వీపం మీదికి. ఈస్ట్ నది నడుమ ఉన్న ఆ సన్నటి దీవికి ఉన్న సబ్‌వే స్టేషన్ ఒక్కటే, ఆ స్టేషన్‌లో పగలు ఆగేది ఒక్క రైలే. తరచుగా వచ్చే ఎఫ్ బదులు అంత తరచుగా రాని, పొట్టి ఎం రైలు వాళ్లకు మిగిలింది. అక్కడివాళ్లు ముందే అభ్యంతరం చెప్పారు. నగరానికంతా మేలు జరుగుతుందన్న మాట నిజమే కావచ్చు. అయినా ఒక్క రైలే దిక్కైన చోట మార్పు చేసేటప్పుడు, నాలుగు రైళ్లున్న చోటకన్నా నాలుగు రెట్లు జాగ్రత్త అవసరం.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతిగా మనం వదిలేయలేం. హైదరాబాద్ మెట్రో ఎక్కేవాళ్లకు అమీర్‌పేట స్టేషన్ గురించి చెప్పనక్కర్లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయే రెడ్ లైను, నాగోల్ నుంచి రాయదుర్గం పోయే బ్లూ లైను అక్కడ ఒకదాని మీద ఒకటి దాటుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, కూకట్‌పల్లిలోనో ఎక్కి హైటెక్ సిటీకి పోవలసిన ప్రతి ఒక్కరూ అక్కడ దిగి, మెట్లో ఎస్కలేటరో పట్టుకుని, అవతలి రైలు కోసం నిలబడాలి. మన రైలుకు 3 బోగీలే. స్టేషన్లు 6 బోగీలు పట్టేలా కట్టారు గనక న్యూయార్కు ఎం రైలుకున్న ఇబ్బంది మనకు లేదు. బోగీలు కొంటే చాలు, చోటు సిద్ధంగా ఉంది. ఆ పని ఏళ్లుగా వాయిదా పడుతూ వచ్చింది. దారి మళ్లించే వీలు మాత్రం మనకు లేదు. మియాపూర్‌లో బయల్దేరిన ప్రయాణికుల రైలు అమీర్‌పేటలో మలుపు తిరిగి హైటెక్ సిటీకి పోయేలా ఆ లైన్లు కట్టలేదు. లైన్లు విడివిడిగా ఉండటం వల్ల ఒకదాని ఆలస్యం ఇంకోదానికి అంటుకోదు, అది లాభమే. కానీ క్రిస్టీ స్ట్రీట్ లాంటి మలుపు ఒకటి ముందే కట్టి ఉంచుకోని ఊరికి, తర్వాత దారి మార్చుకునే అవకాశమూ ఉండదు.

విమానాశ్రయం మెట్రో విషయంలో మన దగ్గరా ఒక దారి మళ్లింపు జరిగింది. అయితే అది కాగితం మీద. 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైనుకు శంకుస్థాపన చేశారు. ఏడాదికి ప్రభుత్వం మారింది. ఔటర్ రింగురోడ్డు పక్కగా పోయే ఆ దారి సామాన్యులకు అంతగా అక్కరకు రాదంటూ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దాన్ని పక్కన పెట్టించారు. రెండో దశ ప్రణాళికలో విమానాశ్రయం లైను నాగోల్‌లో మొదలై ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ వెళ్తుంది. దాని పొడవు 36.8 కిలోమీటర్లు. రాజకీయాల జోలికి పోకుండా రైలు మారే లెక్క ఒక్కటే చూద్దాం. పాత దారిలో రాయదుర్గంలో ఎక్కినవాడు మారకుండా విమానం దగ్గర దిగేవాడు. ఎల్బీనగర్ మనిషి మాత్రం అమీర్‌పేటలో ఒకసారి, రాయదుర్గంలో ఇంకోసారి మారాలి. కొత్త దారిలో ఎల్బీనగర్ మనిషి తన ఊళ్లోనే లైనెక్కుతాడు. రాయదుర్గం మనిషి నగరమంతా దాటి నాగోల్ దాకా వచ్చి మారాలి. పశ్చిమాన ఉన్నవాళ్లకు ఔటర్ మీద కారు ఉంది, క్యాబ్ ఉంది. తూర్పున, పాతబస్తీలో ఉన్నవాళ్లకు అన్ని దారులు లేవు. ఇంత బరువు ఎటో ఒకవైపు పడక తప్పదన్నప్పుడు, మోయగలవాళ్ల వైపు పడటం న్యాయమే అని మా అభిప్రాయం.

రెండో దశలో మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించి కేంద్రానికి పంపిన 76.4 కిలోమీటర్ల ప్రణాళికలోని ఐదు కారిడార్లలో నాలుగు ఇప్పుడున్న లైన్ల పొడిగింపులే. పటాన్‌చెరులో ఎక్కినవాడు మియాపూర్‌లో దిగనక్కర్లేదు. హయత్‌నగర్‌లో ఎక్కినవాడు ఎల్బీనగర్‌లో దిగనక్కర్లేదు. చాంద్రాయణగుట్ట నుంచి నిమ్స్ ఆసుపత్రికి వచ్చే రోగి మాత్రం ఎంజీబీఎస్ స్టేషన్‌లో మారాలి. అక్కడ లైన్లు రెండూ వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి. ఆ రోగిని దృష్టిలో పెట్టుకుని లిఫ్టులు ఎన్ని కావాలో, అవి చెడిపోతే ఎన్ని గంటల్లో బాగుచేయాలో ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు.

ఎల్బీనగర్‌లో విమానాశ్రయం లైనుకు వేరే స్టేషన్ వస్తుంది. పాత స్టేషన్‌తో దాన్ని విశాలమైన స్కైవాక్‌తో కలపాలన్నది అధికారుల ఆలోచన. కూకట్‌పల్లి నుంచి, మలక్‌పేట నుంచి రెండేసి పెట్టెలతో, పిల్లలతో, అమెరికా వెళ్లే కొడుకును సాగనంపడానికి వచ్చే తల్లిదండ్రులతో సహా జనం దాటాల్సిన చోటు అది. హాంకాంగ్‌లో మాంగ్‌కాక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ స్టేషన్లలో చాలామంది ఒక రైలు దిగి, అదే ప్లాట్‌ఫారం అవతలి అంచున ఉన్న రైలెక్కుతారు. మెట్లు లేవు, నడక కొన్ని అడుగులే. రెండు లైన్ల పట్టాలను ఆ రెండు స్టేషన్ల కోసం పనిగట్టుకుని మెలితిప్పితేనే అది సాధ్యమైంది. ఎల్బీనగర్‌లో పాత లైను ఎప్పుడో కట్టేశారు గనక అంత పొందిక కుదరకపోవచ్చు. స్తంభాల గుర్తులు ఖాయం చేయకముందే కొత్త స్టేషన్‌ను ఎంత దగ్గరికి జరపగలమో చూడటం మాత్రం కుదురుతుంది. ఆ స్కైవాక్ పొడవు ఎన్ని మీటర్లో, దాని మీద కదిలే నడకబాట ఉంటుందో లేదో ప్రణాళిక పత్రాల్లో కోట్ల పక్కనే రాయాలి. దాంతోపాటు ఒక్కో పేట నుంచి విమానాశ్రయానికి, నిమ్స్‌కు, గాంధీ ఆసుపత్రికి ఎన్నిసార్లు మారాలో, ప్రతిచోటా ఎన్ని మెట్లో చూపే పట్టికను వేసి స్టేషన్ల గోడల మీద అంటించాలి. నిర్మాణం మొదలవడానికి ముందే, చదివినవాళ్లు అభ్యంతరం చెప్పుకోవడానికి వ్యవధి ఉండేలా.